బలం గోలి

ఆరేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. పెద్ద మాటేమీ కాదు, రెండే ముక్కలు. ఫోన్లో అన్నాను. అనడానికి ఊపిరి తీసుకున్నంత సేపు కూడా పట్టలేదు. ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కానిది అదే. అంత సులువుగా ఎట్లా వచ్చింది నా నోటికి? గొంతు వణకలేదు. చేతికి చెమట పట్టలేదు. అడిగిన వెంటనే చెప్పేశాను, రోజూ చెప్పే మాటలాగే.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇట్లా అయితేనే నేను చెప్పగలను. పేర్లు మార్చాను. ఊరు మాత్రం నారాయణఖేడే. ఊరు కూడా మార్చి రాద్దామని కూర్చున్నాను గాని, రాసిన ప్రతి వాక్యం అబద్ధంలాగే వినిపించింది. అబద్ధం ఒకటి ఆడిందే చాలు.

నాది మెడికల్ షాపు. బస్టాండు నుంచి రెండు నిమిషాల నడక. గోడ మీద అద్దం చట్రంలో ఫార్మసీ సర్టిఫికెట్ ఉంటుంది, అందులో ఉన్న పేరు నాది కాదు. నేను చదివింది బీకాం. మందుల సంగతి నాకు కౌంటర్ నేర్పింది. ఏ గోలి దేనికి వేస్తారో తెలుసు. ఏ గోలి దేనితో కలిస్తే ఏమవుతుందో తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు. పల్లెల నుంచి వచ్చేవాళ్లు నన్ను డాక్టర్ సాబ్ అనేవారు. మొదట్లో "నేను డాక్టర్ను కాదు" అని సరిదిద్దేవాణ్ణి. తర్వాత ఎప్పుడో మానేశాను. ఆ పిలుపు నచ్చింది కాబట్టే మానేసి ఉంటాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. అది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. నొప్పులని వచ్చినవాళ్లకు "సెట్" కట్టి ఇస్తాం. రెండు రకాల నొప్పి గోలీలు, ఒక గ్యాసు గోలి. పొద్దున ఒక సెట్, సాయంత్రం ఒక సెట్. వాటిని రేకులోంచి ఒత్తి తీసి, చిన్న కాగితం పొట్లంలో వేసి మడత పెడతాం. ఎందుకంటే రేకు మీద పేరుంటుంది. పేరు తెలిస్తే మనిషి ఇంకో దుకాణానికి పోతాడు. అందుకని రేకు మా చెత్తబుట్టలోకి, గోలి వాళ్ల చేతిలోకి. చాలామంది ఇట్లాగే చేస్తారని నన్ను నేను వెనకేసుకు రావచ్చు. కానీ ఆ గోలీలు ఒత్తి తీసింది నా బొటనవేలే.

తుల్జమ్మది నాగల్‌గిద్ద దిక్కు ఊరు. అప్పటికి యాభై దాటి ఉంటుంది. నల్లరేగడిలో కంది చేను, కొంత జొన్న. భర్త సంగప్ప, మాటకారి కాదు, మంచి మనిషి. మాకు చుట్టరికమేమీ లేదు, ఖేడ్‌కు వచ్చినప్పుడల్లా నా దగ్గర కాసేపు కూర్చునేవారు, అట్లా వరసలు కలిశాయి. ఆయనను కాకా అనేవాణ్ణి, ఆమెను చిన్నమ్మా అనేవాణ్ణి. ఆయన నన్ను సేటు అంటాడు. ఆమె కొడుకా అనేది. అందరూ డాక్టర్ సాబ్ అంటుంటే నలుగురిలో ఈమె కొడుకా అని పిలవడం నాకు మొదట్లో కొంచెం నామోషీగా ఉండేది. ఒప్పుకోవడమే పనిగా పెట్టుకున్నాక ఇది కూడా దాచడమెందుకు?

ఆ ఏడు కంది కోతల ముందు ఆమె వేళ్ల కణుపులు ఉబ్బి వచ్చింది. కొడవలి పట్టలేకపోతోంది. మోకాళ్లు సరే, చేతులు కావాలి కదా కోతకు. కూలీలు దొరకని రోజులు, సగం ఊరు పనికని వలస పోయింది. "నా చేతులు మంచిగ జెయ్యి కొడుకా, చేను అట్లనే నిలవడ్డది" అంది.

నేను అడిగాను. నిజంగానే అడిగాను. ఇంకేమన్నా మందులు వాడుతున్నవా చిన్నమ్మా, అని.

"మందులేం లెవ్వు. బీదర్ డాక్టర్ ఇచ్చిన బేస్తారం గోలి ఒక్కటి ఏసుకుంటున్న, గంతే."

అక్కడ నేను ఆగవలసింది. బేస్తారం అంటే మా దిక్కు గురువారం. వారానికి ఒక్కసారి వేసుకునే గోలి అనగానే నాకు తోచింది ఒకటే, అది బలానికి ఇచ్చేదని. బడి పిల్లలకు రక్తం పట్టడానికి వారానికొక గోలి ఇస్తారు. ఎముకలకని వారానికోసారి మింగే విటమిన్ ఉంది. మూడు పూటలా మింగితే పెద్ద జబ్బు, ఒక పూట మింగితే చిన్న జబ్బు, వారానికొక్కటైతే అసలు జబ్బే కాదు. ఇదీ నా తెలివి. ఆమె తెలివి కూడా అంతే, కానీ ఆమె కౌంటర్‌కు అటువైపు ఉంది, నేను ఇటువైపు ఉన్నాను. "ఓ, బలం గోలీయా" అని నేనే అన్నాను. ఆమె నవ్వి "బలందే అయ్యుంటది" అంది. చీటీ చూపించమని అడగలేదు. సెట్ కట్టి ఇచ్చాను.

ఆ బేస్తారం గోలి పేరు మెథోట్రెక్సేట్ అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అంతా అయిపోయాక కూర్చుని చదివాను. ఒంట్లో కణాలు పెరగకుండా పట్టి ఆపే మందు అది. క్యాన్సర్‌కు పెద్ద మోతాదులో ఇస్తారు. కీళ్లవాతానికి బాగా తక్కువ మోతాదులో, వారానికి ఒక్కరోజే ఇస్తారు. వారానికి ఒక్కరోజే ఎందుకంటే అది అంత గట్టి మందు కాబట్టి. నేను సరిగ్గా తలకిందులుగా అర్థం చేసుకున్నాను. పని అయ్యాక అది కిడ్నీల గుండా బయటికి పోవాలి. నొప్పి గోలీలేమో కిడ్నీలకు చేరే రక్తాన్ని తగ్గిస్తాయి. అప్పుడు ఆ మందు పోవలసినంత పోదు, లోపలే పేరుకుంటుంది. పేరుకున్నది కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తుంది. నోరు పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి. ఆ మందునూ నొప్పి గోలీలనూ కలిపి డాక్టర్లు కూడా కొందరికి ఇస్తారట, కానీ రక్తపరీక్షలు చేయిస్తూ, కిడ్నీలను కనిపెట్టి చూస్తూ ఇస్తారట. నేనేం చూశాను? ఆమె నవ్వడం చూశాను. పొద్దంతా చేలో వంగి, నీళ్లు తాగడం కూడా మరిచే మనిషికి, ఒకటి చాలదన్నట్టు రెండు రకాల నొప్పి గోలీలు, ఐదు వారాలు ఇచ్చాను.

మొదటి వారం ఎంత సంబరపడిందో. వేళ్లు ముడిచి తెరిచి నాకు చూపించింది. "నీ చెయ్యి మంచిది కొడుకా" అంది. చేను కోసింది. ఊళ్లో నలుగురికి చెప్పి నా దగ్గరికి పంపింది. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఐదో వారంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది. నోరంతా పుండ్లు. సంగటి కూడా మింగలేకపోతున్నానంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి, చెప్పు కాలికి ఎక్కడం లేదు. నేను చూశాను. చూడలేదని రాద్దామనుకున్నాను ఇందాక, కాని చూశాను. "కోతల నిలవడి నిలవడి గట్లయింది" అని నేనే కారణం కూడా చెప్పాను. నోటికి పూసే మందు, బీకాంప్లెక్స్ ఇచ్చాను. వాటితో పాటు ఇంకో పది రోజుల సెట్.

ఇంతవరకు జరిగింది తెలియనితనం అనుకోండి. నేను కూడా చాలాకాలం అట్లాగే అనుకున్నాను. తెలియక చేసిన దానికి మనిషి ఏడ్చి, చెంపలేసుకుని ఎట్లాగో బతుకుతాడు. నేను మీకు చెప్పడానికి వచ్చింది దాని గురించి కాదు.

వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది. పొద్దున పదకొండు అయి ఉంటుంది, కౌంటర్ ముందు ముగ్గురున్నారు. సంగప్ప కాకా గొంతు.

"సేటు, పట్నంల ఉన్నం. మీ చిన్నమ్మను దవాఖానల ఏసినం. కిడ్నీలు పనిజేస్తలెవ్వంటుండ్రు."

"కిడ్నీలా? ఏమైంది కాకా?"

"ఏమో, మూత్రమే వస్తలేదు. డాక్టరమ్మ ఈడనే నిలవడ్డది. బీదర్ చీటీ సూసింది. నువ్విచ్చిన పొట్లం గూడ సూసింది. గా గులాబి రంగు గోలి, తెల్ల గోలి దేనికని అడుగుతున్నది. జల్దీ చెప్పు."

కిడ్నీలు అన్న మాట విన్నప్పుడే నాకు అర్థమైంది. నొప్పి గోలీలు కిడ్నీలకు మంచివి కావన్నంత మాత్రం ఈ పనిలో ఉన్నవాడికి ఎవడికైనా తెలుసు. తల ఎత్తితే గోడ మీద సర్టిఫికెట్ కనిపించింది. పొట్లం మీద పేరు లేదు. గోలి మీదా లేదు. అవి ఏ గోలీలో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

"అవా? అవి బలం గోలీలు కాకా. ఏం గాదు."

"బలానికేనా?"

"బలానికే."

"నొప్పి గోలీలు ఏమన్న ఇచ్చిండా అని మల్ల మల్ల అడుగుతున్నది సేటు."

"ఎప్పుడో ఒకటి రెండు ఇచ్చి ఉంట. ఇవైతే బలానివే."

"సరే. మస్తు పరేషాన్ల ఉన్న. ఉంట."

ఫోన్ పెట్టేలోపు ఆయన పక్కకు తిరిగి "బలానివంట మేడమ్" అనడం వినిపించింది. అంతే. దగ్గు మందు కోసం వచ్చినామెకు సీసా ఇచ్చి, మూతతో ఎంత కొలవాలో, తిన్నాక తాగాలో తినకముందు తాగాలో అన్నీ వివరంగా చెప్పాను. ఆ రోజు నేను చెప్పినంత వివరంగా ఏ రోజూ చెప్పి ఉండను. ఒక మనిషి లోపల ఇట్లాంటిది జరిగాక కూడా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయా?

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. నాకు ఆ సాకు కూడా లేదు. నేను తీసుకోగలిగేవాణ్ణి. నంబరు ఫోన్లోనే ఉంది. మధ్యాహ్నం చేద్దామనుకున్నాను. మధ్యాహ్నమయ్యాక, వాళ్లు పట్నం డాక్టర్లు, పరీక్షల్లో అదే తెలిసిపోతుందిలే అనుకున్నాను. మర్నాడు, ఇప్పుడు చేస్తే నిన్న ఎందుకు చెప్పలేదంటారు అనుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకముందే చెత్తబుట్టలోని రేకులన్నీ సంచిలో పోసి దుకాణం వెనక తగలబెట్టాను. వాటి కోసం ఎవరూ రాలేదు.

తొమ్మిదో రోజు ఆమె చనిపోయింది.

దినాలకు వెళ్లాను. వెళ్లకపోతే అనుమానం వస్తుందని వెళ్లానా, వెళ్లకుండా ఉండలేక వెళ్లానా? ఇవాళ్టికీ తేల్చుకోలేదు. సంగప్ప కాకా నన్ను మంచం మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు. బోరంచ నల్లపోచమ్మకు మొక్కు ఒకటి తీర్చకుండా ఉండిపోయిందట, అమ్మవారికి అందుకే కోపం వచ్చిందన్నాడు. "అట్లనే ఉంటది కాకా" అన్నాను. విన్నారా? నా పాపం తీసుకుపోయి దేవత నెత్తిన పెట్టాను.

తర్వాత ఆయన దవాఖాన సంగతులు చెప్పాడు. బయటి మందులన్నీ బంద్ పెట్టమన్నారట. పెట్టాడట.

"నీ బలం గోలీలు మాత్రం బంద్ పెట్టలే సేటు. అవి మందులు గావు గద. అన్ని బంద్ పెడితే మనిషికి బలమెట్ల ఉంటది? నర్సమ్మలకు తెల్వకుండ రెండు పూటల ఏసిన. ఒక్క పూట గూడ మర్వలే."

గ్లాసు నా చేతిలో ఉంది. టీ వేడిగా ఉందో చల్లారిందో తెలియలేదు. ఎన్ని రోజులు వేశావని అడిగాను. ఎందుకడిగానో, అడగకపోతే లెక్క తెలియకుండా పోయేది. ఆరు రోజులన్నాడు. గొంతు దిగకుండా అయ్యేదాకా వేశాడట. ఆయన నాకు కృతజ్ఞతగా చెబుతున్నాడు ఇదంతా. నువ్విచ్చినవి వదల్లేదు, చివరిదాకా నీ మీద నమ్మకముంచాం అని చెబుతున్నాడు.

టీ తాగాను. లేచి వచ్చాను.

నేను నిజం చెప్పి ఉంటే ఆమె బతికేదా? ఈ ప్రశ్నను ఎన్నిసార్లు ఎన్ని వైపుల నుంచి అడుక్కున్నానో లెక్కలేదు. అప్పటికే ఆలస్యమైందని కొన్నాళ్లు అనుకుంటాను, ఆ ఆరు రోజులే ఆమె ప్రాణం తీశాయని కొన్నాళ్లు అనుకుంటాను. ఎవరైనా డాక్టర్ను అడగవచ్చు, కాని జరిగింది జరిగినట్టు చెబితే తప్ప ఎవరు మాత్రం ఏం చెప్పగలరు? తెలియదు. తెలియకుండానే ఉండిపోతుంది.

ఆ తర్వాత సెట్లు కట్టడం మానేశాను. ఇవ్వవలసి వస్తే రేకుతోనే ఇస్తాను. నొప్పులని ఎవరొచ్చినా "బేస్తారం గోలి ఏమన్నా వేసుకుంటున్నవా? వారానికొకటి? చీటీ ఉన్నదా?" అని అడుగుతాను. పక్క దుకాణాల వాళ్లకు ఇదొక నవ్వులాట అయింది. సేటుకు బేస్తారం పిచ్చి పట్టిందంటారు. నేనూ నవ్వుతాను. సర్టిఫికెట్ మాత్రం గోడ మీద అట్లాగే ఉంది. మారానని చెప్పుకోవడానికి నాకు నోరు రాదు.

పోయిన నెల సంగప్ప కాకా వచ్చాడు. చేతిలో చీటీ. కూతురు అనితది. ఆమెను కంగ్టిలో ఇచ్చారు, ముప్పై ఏళ్లుంటాయి. తల్లి జబ్బే వచ్చింది, వేళ్లు అట్లాగే ఉబ్బాయట. చీటీ విప్పాను. మెథోట్రెక్సేట్, వారానికొకటి. ఏ రోజు వేసుకోవాలో మీరే ఎంచుకోండి అంటే, అమ్మ వేసుకున్న రోజే అని బేస్తారం ఎంచుకుందట.

"ఇంకొకటి సేటు. అప్పుడు మీ చిన్నమ్మకు ఇచ్చినవు సూడు, గా గులాబి రంగు బలం గోలీలు. గవి గూడ ఇయ్యి. పత్తి ఏరేటప్పుడు బిడ్డ నిలవడలేకపోతున్నది."

స్టాకు లేదు అందామని నోటిదాకా వచ్చింది. చూడండి, మళ్లీ అంత సులువుగానే వచ్చింది. లేదని అంటే ఆయన ఇంకో దుకాణానికి పోయి అడుగుతాడు. గులాబి రంగువి, నొప్పులకు బాగా పనిచేసేవి, బలానివి అంటాడు. ఎవడో ఒకడు సరిగ్గా అవే ఇస్తాడు.

"కాకా, అవి బలం గోలీలు కావు" అన్నాను. "నొప్పి గోలీలు. బేస్తారం గోలితోని కలిస్తే కిడ్నీలు పోతయి. ఇచ్చినప్పుడు నాకు తెల్వదు. నువ్వు ఫోన్ చేసినప్పుడు సమజైంది. నా దుకాణం పోతదని అబద్ధం చెప్పిన."

కొడతాడనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను కూడా. బజారంతా వినేలా తిట్టి ఉంటే ఆయన కాళ్లు పట్టుకునేవాణ్ణి. ఆయన నా వైపే చూడలేదు. తన కుడిచేతి వైపు చూసుకున్నాడు, చాలాసేపు.

"మరి దవాఖానల నేను గూడ ఏసిన గద?" అన్నాడు. "వద్దంటున్నా నోట్ల నీళ్లు పోసి, నేనే ఏసిన గద?"

నీ తప్పు కాదు కాకా, నాదే, నేనే చెప్పిన గద బలానివని, అంటూనే ఉన్నాను. ఆ మాట ఆయన చెవికి చేరలేదు. చీటీ జేబులో పెట్టుకుని, బిడ్డకు ఏమేమి ఇవ్వకూడదో కాగితం మీద రాసిమ్మన్నాడు. నొప్పి గోలీల పేర్లన్నీ పెద్ద అక్షరాలతో తెలుగులో రాశాను, డాక్టర్ను అడగకుండా వేయవద్దని కింద గీత గీశాను. తీసుకుని బస్టాండు దిక్కు నడిచాడు. ఎప్పుడూ "పోయొస్త సేటు" అనేవాడు.

ఆ రోజు ఇంటికి వచ్చి కడుపు నిండా తిన్నాను. ఒళ్లు తేలికైంది. ఆరేళ్లలో ఎన్నడూ లేనంత తేలిక. నేను దించింది ఆయన నెత్తికెత్తానని అర్థం కావడానికి వారం పట్టింది. మొన్న అనిత ఫోన్ చేసింది. తండ్రి ఆమెకేమీ చెప్పలేదు, ఆమె మాటల్లోనే తెలిసింది.

"అన్నా, నాయిన అన్నం తింటలేడు. కుడిచెయ్యి పట్టుకొని సూసుకుంట కూసుంటుండు. ఏమన్న బలం గోలి ఉంటే చెప్పన్నా."

నా దగ్గర లేదమ్మా అన్నాను. దవాఖానకు తీసుకుపొమ్మన్నాను. మిగతాది చెప్పబోయి ఆగిపోయాను. ఫోన్లో నా నోటి మీద నాకు నమ్మకం లేదు.

అందుకే రాస్తున్నాను. ఇది ఎక్కడో ఒకచోట అనిత కంటపడితే, పేర్లు మార్చినా ఆమె గుర్తుపడుతుంది. పట్టాలి. నన్ను ఏమనుకున్నా సరే. అమ్మా, మీ నాయిన చెయ్యి ఏ తప్పూ చేయలేదు. అవి బలం గోలీలని నేను చెప్పాను, ఆయన నమ్మాడు.